సోఽయమ్: ‘శక్తి’ బృందాన్ని మరల విన్న వేళ



అద్వైత గ్రంథాలలో దేవదత్తుడు అనే వ్యక్తి తరచుగా తటస్థపడతాడు. ఆయన ఏ ఊరివాడో, ఏ వృత్తి చేసేవాడో ఏ ఆచార్యుడూ చెప్పలేదు. ఒకప్పుడు కాశిలో కనిపించాడు, ఇప్పుడు ఇక్కడ కనిపిస్తున్నాడు. చూచినవాడు “వాడే వీడు” అంటాడు. ఆయన చరిత్ర అంతే. కాని మహావాక్యార్థ నిర్ణయానికి ఈ చిన్న వాక్యమే దృష్టాంతమైంది. “వాడు” అన్న పదంలో ఆనాటి దేశకాలాలు ఇమిడి ఉన్నాయి, “వీడు” అన్న పదంలో ఈనాటివి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. కనుక విరుద్ధాంశాలను విడిచి, విరోధం లేని వ్యక్తిమాత్రాన్ని గ్రహించాలి. దీనినే జహదజహల్లక్షణ అన్నారు, భాగత్యాగ లక్షణ అని కూడా అన్నారు. జీవుని అల్పజ్ఞత్వాన్ని, ఈశ్వరుని సర్వజ్ఞత్వాన్ని విడిచి, చైతన్యమాత్రంలో ఐక్యాన్ని గ్రహించే పద్ధతి ఇదే.

అనంతపురంలో ముప్పది సంవత్సరాలకు పైగా సంస్కృతం బోధించినవాడను. ఈ ఉదాహరణను నల్లబల్లపై ఎన్ని పర్యాయాలు వ్రాశానో లెక్క లేదు. అయితే విడిచిపెట్టవలసిన ఆ దేశకాలాలే మనిషికి సర్వస్వమైతే ఏమిటన్న ప్రశ్న తరగతి గదిలో ఎన్నడూ ఎదురుకాలేదు. అది 2023 జనవరిలో, బెంగళూరులో, ఒక వాద్యబృందం ఎదుట కూర్చున్నప్పుడు ఎదురైంది. ఆ బృందం పేరు ‘శక్తి’. వేదాంత ప్రసంగంలోకి రాక్ సంగీతకారుడెందుకు వచ్చాడని కొందరు పాఠకులకు తోచవచ్చు. కొంచెం ఓపిక పట్టవలసిందిగా ప్రార్థన.

జాన్ మెక్‌లాఫ్లిన్ 1942 జనవరి 4న ఇంగ్లండులో జన్మించాడు. జాజ్‌లో మైల్స్ డేవిస్ సరసన గిటారు వాయించి, 1971లో తన సొంత బృందాన్ని ప్రారంభించాడు. గురువైన శ్రీ చిన్మయ్ ఇచ్చిన నామంతో దానికి ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ అని పేరు పెట్టాడు. రాక్ ప్రపంచంలో అంత వేగంగా, అంత ఉద్ధృతంగా విద్యుత్ గిటారు మ్రోగించిన బృందాలు అరుదు. అటువంటి మనిషి ఒకనాడు ఆ హోరునంతా వదలిపెట్టాడు. అమెరికాలో ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ నేర్చుకొన్నాడు. గమకం పలకడానికి అనువుగా మెట్ల నడుమ కొయ్య లోతుగా తొలిచిన గిటారు చేయించుకొన్నాడు. దానికి అడ్డంగా, మన తంబురా వలె అనురణనం ఇచ్చే ఏడు తీగలు కూడా. ఆ వాద్యంతో మన విద్వాంసుల ప్రక్కన నేలపై కూర్చున్నాడు. వాయులీనం ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం వినాయకరామ్, మృదంగం రామ్నాడ్ రాఘవన్. 1975 జూలై 5న అమెరికాలోని ఒక కళాశాలలో జరిగిన వారి కచేరీ మరుసటి సంవత్సరం రికార్డుగా వచ్చింది. హిందుస్తానీ తబలా, కర్ణాటక ఘటం ఒకే వేదికపై సమానస్కంధంగా సంభాషించుకోవడం ఆనాటికి సామాన్య విషయం కాదు.

ఘటం అన్నాక వేదాంతి నోట ఘటాకాశం రాక మానదు. ఆ ప్రలోభాన్ని ఇక్కడికి అణచుకొంటాను. ఘటంతో వేరే పని తరువాత ఉంది.

ఆ రికార్డు మా ఇంటికి తెచ్చినవారు మా అన్నగారు. నాకంటె ఐదేళ్ళు పెద్ద. బెంగళూరులో భూగర్భశాస్త్రం చదువుకొనే రోజులలో హాస్టలు మిత్రుల ద్వారా ఆయనకు రాక్ అభిరుచి అలవడింది. మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆయనకు ప్రాణం. దాని వెనుక శక్తి వచ్చింది, క్యాసెట్‌లోకి ఎక్కించుకొన్న రూపంలో. బాల్యంలో రెండేళ్ళు మృదంగం నేర్చుకొన్నందువల్ల కాబోలు, ఆయన వినేది మొదట లెక్క; స్వరం ఆ తరువాత. పద్దెనిమిది నిమిషాల ‘జాయ్’ అనే రచనను వింటూ, ఏ క్షణంలో నిలిపి అడిగినా ఎన్నవ అక్షరం మీద ఉన్నదో చెప్పగలిగేవారు. నాకు పదహారేళ్ళు దాటి రఘువంశం వంటబడుతున్న కాలమది. నాకు ఆ సంగీతం మొదట్లో కొరుకుడు పడలేదు. ఆయన నన్ను ఎదుట కూర్చోబెట్టుకొని, “ఒరేయ్, శ్లోకానికి గణాలు కడతావు గదా, దీనికీ కట్టరా” అనేవారు. అలా కట్టగా కట్టగా అది నాదీ అయింది.

ఉద్యోగం ఆయనకు భూగర్భజల శాఖలో. మా జిల్లాలో ఆ ఉద్యోగం అంటే ఏమిటో ఇతర ప్రాంతాలవారికి కొంచెం చెప్పాలి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి, తూర్పు సముద్రానికి దూరమై, ఏటా దాదాపు ఐదు వందల యాభై మిల్లీమీటర్ల వానతో వేరుసెనగ పండించుకొనే మెట్టభూమి ఇది. పెన్నానది పేరుకు మా నది. ఏడాదిలో అధికభాగం అది ఇసుక. ఆ ఇసుకలో చెలమ తవ్వి నీరు తోడుకొన్న తరం మాది. తరువాత బోర్ల కాలం వచ్చింది. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి, ఎటు వెళ్ళినా రైతులు మా అన్నగారి జీపును చుట్టుముట్టి “సార్, బోరు పాయింటు చూపించండి సార్” అనేవారు. ఒక ప్రక్క అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచే పెద్దమనిషి, మరొక ప్రక్క విద్యుత్ నిరోధాన్ని కొలిచే పెట్టెతో మా అన్నగారు. నీళ్ళు పడితే పేరు టెంకాయది, పడకపోతే తప్పు పెట్టెది. ఆయన నవ్వేవారు. కరవు గ్రామాలలో ఎండిన బోరును వదలి వచ్చిన సాయంకాలాలలో మాత్రం నవ్వేవారు కాదు. జీపులో ఆ క్యాసెట్ పెట్టుకొని, స్టీరింగ్ పైన వ్రేళ్ళతో తాళం వేస్తూ, ఏమీ మాట్లాడకుండా ఇల్లు చేరేవారు. ఎర్రని కంకర, తుమ్మచెట్లు, దుమ్ము, దాని నడుమ ఘటం మ్రోత. నాకు ఆ సంగీతం ఆ నేలదేనని బలంగా అనిపించేది. దాని పుట్టుక న్యూయార్క్ దాపున అని తెలిసీ.

1978తో తొలి శక్తి ముగిసింది. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత, 1997లో, ‘రిమెంబర్ శక్తి’ అనే నామంతో మరల లేచింది. స్మృతినే పేరులో పెట్టుకొన్న బృందం! అప్పుడు దానిలోకి మన పాలకొల్లు బిడ్డ వచ్చాడు. ఉప్పలపు శ్రీనివాస్, 1969లో పుట్టి, తొమ్మిదవ ఏట గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసి, మాండొలిన్ అనే పరదేశపు వాద్యానికి కర్ణాటక గమకాన్ని నేర్పిన మహనీయుడు. పుట్టపర్తి సాయిబాబా భక్తుడు కావడంచేత మా జిల్లావారికి ఆయన దూరపువాడు కాదు. వినాయకరామ్ గారి స్థానంలో వారి కుమారుడు సెల్వగణేశ్, కంజిరాతో. గానానికి శంకర్ మహదేవన్.

2000 డిసెంబరులో ముంబయిలో వారి కచేరీలని తెలిసి, అన్నగారు, నేను ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఆ కచేరీల ధ్వనిముద్రణే 2001లో ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ అన్న రికార్డుగా వచ్చింది, కనుక ఆ సంగీతాన్ని నేను వర్ణించనక్కరలేదు, కోరినవారు వినవచ్చు. వినబడనిది ఒక్కటి చెప్తాను. బంగాళ రాగంలో త్యాగయ్య గారు వినాయకునిపై చేసిన ‘గిరిరాజ సుతా తనయ’ ఆధారంగా శ్రీనివాస్ కూర్చిన రచన ఒకటి వారి సంపుటిలో ఉంది. తిరువయ్యారులో నివసించిన తెలుగువాని కృతి, పాలకొల్లు మాండొలిన్ మీదుగా, యార్క్‌షైరువాని గిటారు చేరింది. అది వింటూ అన్నగారు నా భుజం మీద గట్టిగా చరిచి, “చూస్తివా, పెన్నలో చెలమ తవ్వితే యాడ నీళ్ళొచ్చెనో!” అన్నారు. నలభై ఐదేళ్ళ మనిషి, కళ్ళు చెమ్మగిల్లి, పిల్లవాని వలె. ఆ క్షణమే నా “వాడు”. తర్వాతి ఇరవై రెండేళ్ళలో శక్తి అంటే నాకు ఆ చరుపు.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో పరమపదించారు. నలభై ఐదేళ్ళు. ఆ వార్త విని అన్నగారు ఆ రోజు భోజనం చేయలేదు.

మరి నాలుగేళ్ళకు ఆయనకు మరపు మొదలైంది. మొదట బోరు పాయింట్ల పేర్లు, తరువాత వీధుల పేర్లు, తరువాత మనుషులు. వైద్యుడు దాని పేరు చెప్పాడు, మందులు వ్రాశాడు, ఇది వెనుకకు మళ్ళేది కాదని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ సంవత్సరాల వివరాలు ఇక్కడ వ్రాయను. ఇంటిలో ఇటువంటి రోగి ఉన్నవారికి చెప్పవలసిన అవసరం లేదు. లేనివారికి చెప్పినా అందదు. 2022 నాటికి ఆయన నన్ను “సార్” అని పిలవసాగారు. జిల్లా రైతులందరికీ సార్ అయిన ఆయనకు, ఎదుట మర్యాదస్తుడెవరు కనిపించినా సారే.

2023 జనవరిలో శక్తి యాభయ్యవ వార్షికోత్సవ సందర్భంగా బెంగళూరుకు వస్తున్నదన్న సమాచారం తెలిసింది. వెళ్ళాలా? వెళితే ఆయనను తీసుకువెళ్ళాలా? వదినగారు రెండు రోజులు ఆలోచించి, “తీసుకుపో నాయనా. ఆ జనంలో చెయ్యి మాత్రం వదలద్దు” అన్నారు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూ, రాతిగుట్ట కనిపించినప్పుడల్లా “గ్రానైట్” అన్నారు. అది మరువలేదు.

వేదిక మీద ఎనభై ఒక్క సంవత్సరాల మెక్‌లాఫ్లిన్. డెబ్బై ఒక్క సంవత్సరాల జాకిర్ హుస్సేన్. శంకర్ మహదేవన్, సెల్వగణేశ్. కొత్తగా వాయులీనంతో గణేశ్ రాజగోపాలన్.

నాకు మొట్టమొదట కనిపించినది మాండొలిన్. అంటే, దాని లేమి. ఈ అనుభవానికి మన శాస్త్రంలో చక్కని విచారణ ఉంది. ధర్మరాజాధ్వరీంద్రులు వేదాంత పరిభాషలో నిరూపించిన ఆరు ప్రమాణాలలో చివరిది అనుపలబ్ధి. నేలమీద ఘటం లేదన్న జ్ఞానం ఎట్లా కలుగుతుంది? కంటికి కనిపించేది నేల మాత్రమే. ఘటం ఉంటే కనిపించి ఉండేది, కనిపించడం లేదు, కనుక లేదు. అయితే ఈ జ్ఞానం కలగడానికి ఒక నియమం ఉంది: ఏది లేదో, ఆ ప్రతియోగి ముందుగా బుద్ధిలో ఉండాలి. ఘటాన్ని ఎరుగనివానికి నేల నేలగానే ఉంటుంది, “ఘటం లేని నేల”గా ఉండదు. ఇదిగో, ఇందుకే ఘటాన్ని దాచి ఉంచాను. ఆ సాయంకాలం నాకు వేదికంతా మాండొలిన్ లేని వేదిక. ప్రతి రచనలోనూ, ఇక్కడ ఆయన అందుకొనేవాడు, ఇక్కడ చిరునవ్వుతో జాకిర్ వైపు తిరిగేవాడు అని నా చిత్తం లేనివానిని ఉన్నవారి ప్రక్కన కూర్చోబెడుతూనే ఉంది.

అసలు ఇది అదే శక్తి అవునా? 1975లో ఉన్న బృందంలో ఇద్దరే మిగిలారు. ఘటం పోయి కంజిరా వచ్చింది, వాయులీనం పోయి మాండొలిన్ వచ్చింది, మాండొలిన్ పోయి మరల వాయులీనం వచ్చింది. బృందం విషయంలో నాకు సౌగతుల మాటే సమ్మతం. నాగసేనుడు రథాన్ని విప్పి, చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు అని చూపినట్లు, శక్తిని విప్పితే శక్తి అనే వస్తువు ఎక్కడా దొరకదు. దీపజ్వాల వలె సదృశమైన క్షణాల పరంపరకు పెట్టుకొన్న పేరు అది. అభిమానులు దీనికి నొచ్చుకోవచ్చు. అయితే జ్వాల విషయంలో అంగీకరించినదానిని జ్వాలను చూచేవాని విషయంలో భగవత్పాదులు అంగీకరించలేదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయం రెండవ పాదంలో క్షణికవాదిని ఆయన అడిగేది ఇదే: నిన్నటిది, నేటిది సదృశాలు అని చెప్పాలంటే ఆ రెండింటినీ చూచినవాడు ఒకడు ఉండాలి గదా? ఒకడు చూచినదాన్ని మరొకడు స్మరించడు. స్మరణ ఉన్నది కనుక స్థిరుడైన ద్రష్ట ఉన్నాడు.

ఈ వాదాన్ని ముప్పది ఏళ్ళు బోధించాను. ఆనాడు నా ప్రక్కన స్మరణ లేని ద్రష్ట కూర్చుని ఉన్నాడు.

వదినగారి ఆజ్ఞ ప్రకారం ఆయన కుడిచేయి నా ఎడమచేతిలో ఉంది. జాకిర్, సెల్వగణేశ్ ఒకరికొకరు జతులు విసురుకొనే ఘట్టం వచ్చింది. నా అరచేతిలో ఏదో కదిలింది. ఆయన వ్రేళ్ళు. చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, మధ్యవ్రేలు, పిదప అరచేయి. లెక్క తప్పలేదు. వారు లెక్కను మూడు రెట్లు చేసి, మడిచి, విప్పి, మన చెవికి దారి తప్పించి ఎక్కడెక్కడో త్రిప్పి తెచ్చి సమం మీద దించేసరికి ఆయన అరచేయి నా అరచేతి మీద సరిగ్గా పడింది. నాకు అప్పటికే లెక్క తప్పిపోయింది. ఆయన చేతిని బట్టి నేను సమం తెలుసుకొన్నాను. జరిగిన సంఘటనల జ్ఞాపకం వేరు, అభ్యాసంచేత చేతికి పట్టిన విద్య వేరు, మొదటిది పోయాక కూడా రెండవది చాలాకాలం నిలువవచ్చు అని వైద్యుడు ముందే చెప్పి ఉన్నాడు. చెప్పడం వేరు, అరచేతిలో తెలియడం వేరు.

చప్పట్లు మ్రోగుతుండగా ఆయన నా వైపు వంగి, ఎంతో సంతోషంగా అడిగారు: “ఎవరు సార్ వీళ్ళు? బాగా వాయిస్తాండారే!”

పేర్లు చెప్పాను. “ఓహో” అన్నారు. కాసేపటికి మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను.

కాశ్మీర శైవంలో ఉత్పలదేవులు ప్రత్యభిజ్ఞకు ఒక దృష్టాంతం ఇచ్చారు. ఒక కన్య గుణగణాలు విని ఒక నాయకుని ప్రేమించింది. అతడు వచ్చి ఎదుట నిలిచాడు. వీడే వాడని ఎరుగదు, కనుక అతడు పదిమందిలో ఒకడే. ఆమెకు ఆనందం లేదు. ఎవరో గుర్తు చెప్పగానే హృదయం నిండింది. జీవుడు తన ఈశ్వరత్వాన్ని గుర్తుపట్టడం ఇటువంటిదని వారి తాత్పర్యం. నాకు ఎంతో ఇష్టమైన దృష్టాంతం ఇది. ఆ సాయంకాలం అది సగం నిజమై, సగం తలక్రిందులైంది. వేదిక మీదివారు ఎవరో తెలియకుండానే మా అన్నగారికి ఆనందం పూర్ణంగా కలిగింది. ఆయనకు మాండొలిన్ లేమి లేదు. ప్రతియోగి లేనివానికి అభావం ఎక్కడిది? మొత్తం ప్రాంగణంలో శక్తిని లోటు లేకుండా విన్నది ఆయనొక్కరే కావచ్చు. కాని ప్రక్కన చేయి పట్టుకొని కూర్చున్న తమ్ముడు మాత్రం పదిమందిలో ఒక సారు. గుర్తు చెప్పినా హృదయం నిండదు.

తరువాత ఒక మిత్రుడు, సత్సంగపరుడే, నన్ను ఓదారుస్తూ అన్నాడు: దేశకాలాలను విడిచి శుద్ధానుభవంలో ఉండటమే గదా మనం సాధించదలచినది, మీ అన్నగారికి అప్రయత్నంగా సిద్ధించింది అని. సదుద్దేశంతోనే అన్నాడు. దీనిని నేను అంగీకరించను. భాగత్యాగ లక్షణలో త్యాగం వివేకి చేసేది. విరుద్ధాంశాన్ని విరుద్ధమని ఎరిగి విడుస్తాడు, విడిచినవాడు తానని కూడా ఎరుగును. దొంగ ఎత్తుకుపోయిన ధనాన్ని దానం చేశానని చెప్పుకోరాదు. గీతాచార్యుడు రెండవ అధ్యాయంలో పతనక్రమాన్ని చెప్పేటప్పుడు స్మృతిభ్రంశం నుండి బుద్ధినాశం కలుగుతుందన్నాడు. పదునెనిమిదవ అధ్యాయాంతంలో అర్జునుడు తనకు కలిగిన ఫలాన్ని చెప్పుకొన్నది మోహం పోయి స్మృతి లభించిందనే. అక్కడి స్మృతి ఆత్మవిషయకమని నేను ఎరుగుదును. అయినా ఆ అనుభవానికి వ్యాసమహర్షి ఎన్నుకొన్న పదం స్మృతి. మరపును మోక్షంగా వర్ణించేవారు రోగి ఇంటిలో ఒక రాత్రి గడిపి రావాలి.

మరి భగవత్పాదుల వాదం? స్మరణ లేనిచోట ద్రష్ట కూడా లేడా? దీనికి సమాధానం తర్కంలో ఉంది, అది నాకు దృఢంగానే తోస్తుంది. స్మృతి ఆత్మకు లింగం, ఆత్మ స్వరూపం కాదు. పొగను చూచి నిప్పును ఊహిస్తాము. పొగ లేనంత మాత్రాన నిప్పు లేదనరాదు. కాలి ఎర్రబారిన ఇనుపగుండును నైయాయికులు ఇందుకే చెప్తారు: పొగ లేదు, నిప్పు ఉంది. స్మరించడం చిత్తమనే అంతఃకరణవృత్తి పని. ఆ వృత్తి పనిచేసినప్పుడు ప్రకాశింపజేసిన సాక్షియే, అది చెడినప్పుడు ఆ చెడడాన్ని కూడా ప్రకాశింపజేస్తున్నాడు. గాఢనిద్రలో ఏదీ గుర్తు లేకపోయినా లేచినవాడు హాయిగా నిద్రపోయానని అంటాడు. “ఎవరు సార్ వీళ్ళు, బాగా వాయిస్తాండారే” అన్న మాటలో ‘బాగా’ అన్నది ఎవరికి తెలిసింది? పేర్లు లేవు, సంవత్సరాలు లేవు, తమ్ముడు లేడు. ‘బాగా’ ఉంది.

ఈ మాటలన్నీ ఇంచుమించు ఇట్లే వదినగారికి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నారు. చదువుకొన్న మనిషి, ప్రతి ఏకాదశికి గీత పారాయణ చేస్తారు. చివరకు, “ఆత్మ యాడికీ పోదని నాకూ తెలుసు నాయనా. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు” అన్నారు. దానికి నా వద్ద ప్రత్యుత్తరం లేదు. ఉన్నదని చెప్పే వేదాంతి ఎవరైనా తారసపడితే, మొదట ఆయనను నమ్మను.

ఆ సంవత్సరమే, యాభై ఏళ్ళ తరువాతి శక్తి కొత్త రికార్డు ‘దిస్ మొమెంట్’ వెలువడింది. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ పురస్కారం లభించింది. దానిలో మొదటి రచనకు శ్రీనివాస్ స్మృత్యర్థం ‘శ్రీనీస్ డ్రీమ్’ అని పేరు పెట్టారు; ‘గిరిరాజ్ సుధ’ పేరుతో ఆ త్యాగరాజ కృతి కూడా మరల ఉంది, మాండొలిన్ లేకుండా. 2024 డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. ఆ వార్తను అన్నగారికి చెప్పలేదు. శ్రీనివాస్ పోయిన రోజున అన్నం ముట్టని మనిషి, ఈ రోజున అన్నం తింటూ “ఎవరు సార్ ఆయన” అంటారేమోనన్నది ఒక భయం. అనకుండా ఏడిస్తే, మరునాడు మరల చెప్పవలసి వస్తుందన్నది మరొకటి.

సాయంకాలాలలో వారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ రికార్డు పెడతాను. ప్రక్కన కూర్చుని అరచేయి చాస్తాను. ఆయన దాని మీద తాళం వేస్తారు. ఈ మధ్య వ్రేళ్ళ కదలిక నెమ్మదించింది, కాని సమం ఇంకా పడుతున్నది. వదినగారు కాఫీ తెచ్చి బల్లమీద పెట్టి, వాయిద్యం ఆగేవరకు గుమ్మం దగ్గరే నిలబడతారు. మొదటి రచన కాగానే ఆయన తప్పక అడుగుతారు. నేను వరుసగా చెప్తాను: మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్, గణేశ్ రాజగోపాలన్. ఆ తరువాత శ్రీనివాస్ పేరు కూడా. ఆయన తల ఊపి “ఓహో, ఆరుగురా” అంటారు.